ఇళ్లకు వైరింగ్ చేసే చేతులను కార్మికుల లెక్కలోకి తీసుకోండి: కార్మిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర కార్మిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం సార్. నేను జగిత్యాల జిల్లాలోని ఒక మండల కేంద్రంలో ఇళ్ల వైరింగ్ పని చేసుకుని బతికే ఎలక్ట్రీషియన్‌ని. మా మండల ప్రైవేట్ ఎలక్ట్రీషియన్ల సంఘానికి కార్యదర్శిగా కూడా ఉన్నాను. ప్రతి ఏటా జనవరి 27న మేం ఎలక్ట్రీషియన్స్ డే జరుపుకుంటాం. 1880లో అదే రోజున ఎడిసన్‌కు బల్బు మీద పేటెంట్ వచ్చింది. ఆయన ఫొటోకు దండ వేసి, స్వీట్లు పంచుకుని, సంఘం లెక్కలు చదువుకుని ఇళ్లకు పోవడం అలవాటు. ఈసారి అలా పోలేకపోయాం. సభ్యుల కష్టసుఖాలు ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయేసరికి పొద్దుపోయింది. మీకు బహిరంగంగా ఉత్తరం రాయాలని అందరూ చేతులెత్తి తీర్మానం చేశారు.

మంచి వార్తలూ ఉన్నాయి. దుబాయ్, మస్కట్‌లలో ఏళ్ల తరబడి పనిచేసి వచ్చిన కొందరు ఈ ఏడు మా సంఘంలో చేరారు. ఒక సభ్యుడి కూతురు పాలిటెక్నిక్‌లో ఈఈఈ (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్) చదువుతోంది. నాన్న చేసే పనినే పుస్తకంలో చదువుతున్నానని ఆ అమ్మాయి మీటింగుకొచ్చి చెప్పింది. ఒక్కో పాయింటుకు (లైటు, ఫ్యాను, ప్లగ్గు లాంటివి) రేటు అందరం ఒకటే చెప్పాలని, ఒకరి పని మధ్యలో ఇంకొకరు తక్కువకు దూరకూడదని మాట అనుకున్నాం.

ఇక మీకు చెప్పాల్సిన సంగతి. పోయిన వానాకాలంలో మా సభ్యుడొకరు ఒక ఇంట్లో ఫాల్స్ సీలింగ్ లైట్లు బిగిస్తూ నిచ్చెన మీద నుంచి పడిపోయాడు. మెయిన్ దించాకే ఎక్కాడు. టెస్టర్ పెట్టి చూసుకున్నాడు కూడా. అయితే ఆ ఇంట్లో ఇన్వర్టర్ ఉంది. అంతకుముందు వైరింగ్ చేసినవాళ్లు ఇన్వర్టర్ న్యూట్రల్‌ని (కరెంటు తిరిగి వెళ్లే తీగని), మెయిన్ న్యూట్రల్‌ని ఒకే చోట కలిపి టేపు చుట్టేశారు. మెయిన్ దించగానే ఇన్వర్టర్ అందుకుంది. జాయింట్ కట్టి ఉన్నంతసేపు న్యూట్రల్ మీద టెస్టర్ వెలగదు. దాన్ని విప్పిన మరుక్షణం, పక్క గదిలో వెలుగుతున్న లైట్ల మీదుగా ఆ తీగలోకి కరెంటు వస్తుంది. షాక్ చిన్నదే, కానీ అతను నిలబడింది తొమ్మిదో మెట్టు మీద. నడుము ఎముక విరిగి నెలల తరబడి మంచంలోనే ఉన్నాడు.

ఆ ఇంటాయన మంచి మనిషే, మొదటి రోజు ఆస్పత్రి బిల్లు కట్టాడు. తర్వాత, పని కాంట్రాక్టర్‌కు ఇచ్చాను, ఆయన్నే అడగండి అన్నాడు. కాంట్రాక్టర్‌ని అడిగితే, అతను నా మనిషి కాదు, ఆ రోజుకు పిలిచాను అన్నాడు. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు కార్డు ఉందా అంటే లేదు. దరఖాస్తు పెట్టుకున్నాడు గానీ, ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసినట్టు యజమాని రాసిచ్చిన కాగితం లేదని వెనక్కి పంపారు. చివరికి మా సంఘం సభ్యులే తలా కొంత వేసుకుని మందులకిచ్చారు.

సార్, ఆ 90 రోజుల కాగితం గురించే ఈ ఉత్తరం. తాపీ మేస్త్రీ ఒక ఇంటి దగ్గర నెలల తరబడి ఉంటాడు. మా పని అలా ఉండదు. స్లాబ్ పోసే ముందు రోజు వెళ్లి పైపులు, ఫ్యాన్ బాక్సులు వేస్తాం. గోడలు లేచాక వెళ్లి గాడులు కొట్టి పైపులు దించుతాం. ప్లాస్టరింగ్ అయ్యాక తీగలు లాగుతాం. రంగులయ్యాక బోర్డులు బిగిస్తాం. ఒక ఇంటికి ఏడాదిలో నాలుగైదు విడతలు పోతే, మధ్యలో పది ఇళ్లు తిరుగుతాం. ఎవరి దగ్గరా వరుసగా పది రోజులు ఉండం. ఏ ఇంటి యజమాని 90 రోజులకు సంతకం పెడతాడు? పెట్టమని అడిగితే, రేపు ఏదైనా కేసు అవుతుందేమోనని టెన్షన్ పడతాడు. ఆయన్ని తప్పు పట్టలేం.

దీనికి తోడు ఇప్పుడు చట్టమే మారింది. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టంలో, పది లక్షల లోపు ఖర్చుతో సొంతానికి కట్టుకునే ఇల్లు లెక్కలోకి రాదని ఉండేది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ ఆ పరిమితిని 50 లక్షలకు పెంచింది. పది మంది కంటే తక్కువ కార్మికులు ఉన్న పని కూడా నిర్మాణ పని నిర్వచనంలోకి రాదు. హైదరాబాద్ అపార్టుమెంట్లలో చేసేవాళ్లకు ఇది పెద్ద తేడా కాకపోవచ్చు. మా మండలంలో కట్టే ఇళ్లలో ఎక్కువ భాగం 50 లక్షల లోపువే. ఒక ఇంట్లో ఒకే రోజు పది మంది కూలీలు కనబడేది స్లాబ్ రోజునే. ఈ లెక్కన మా సభ్యులు జీవితమంతా ఇళ్లే కట్టి, కాగితాల్లో నిర్మాణ కార్మికులు కాకుండా పోతారు. కార్మికుల సంక్షేమం కోసం నిర్మాణ ఖర్చు మీద వేసే సెస్సు భారం చిన్న ఇళ్ల మీద పడకూడదంటే మేమూ ఒప్పుకుంటాం. ఆ ఇళ్లలో పనిచేసే మనిషికి రక్షణ ఎందుకు పోవాలి?

ఇందిరమ్మ ఇళ్ల సంగతే చూడండి. ఇంటికి 5 లక్షల సాయంతో మీ ప్రభుత్వమే కట్టిస్తోంది. మా ఊళ్లో కూడా కడుతున్నారు, వాటికి వైరింగ్ చేస్తున్నది మేమే. పేదవాళ్ల ఇళ్లు కదా అని మా సభ్యులు చాలామంది కూలి తగ్గించి మరీ చేశారు. ఆ ఇంటి బేస్‌మెంట్, గోడలు, స్లాబ్ ప్రతి దశలోనూ ఫొటో తీసి ఆన్‌లైన్‌లో ఎక్కిస్తేనే బిల్లు వస్తుంది. బేస్‌మెంట్ నుంచి స్లాబ్ దాకా రికార్డులో ఉంటాయి. వైరింగ్ ఎవరు చేశారన్నది మాత్రం ఎక్కడా ఉండదు. ఆ ఆన్‌లైన్ ఫారంలో ఒక్క గడి పెట్టించండి సార్. వైరింగ్ చేసిన ఎలక్ట్రీషియన్ పేరు, ఈ-శ్రమ్ (అసంఘటిత కార్మికుల కేంద్ర రిజిస్ట్రేషన్) నంబరు, ఎన్ని రోజులు పనిచేశాడు, ఇంతే. దాన్ని లబ్ధిదారుతో ధ్రువీకరింపజేయండి. అదే మాకు పని చేసినట్టు సాక్ష్యం. రేపు ఆ ఇంట్లో ఏదైనా జరిగితే ఎవరు వైరింగ్ చేశారో తెలుస్తుంది కాబట్టి, మా మీదా బాధ్యత ఉంటుంది. ఆ బాధ్యతకు మేం వెనకాడం.

బాధ్యత మాట వచ్చింది కాబట్టి వైరింగ్ చేయడానికి ఇచ్చే పర్మిట్ గురించి చెప్పాలి. అది మీ శాఖ చేతిలో లేదని తెలుసు. విద్యుత్ లైసెన్సింగ్ బోర్డు చూస్తుంది. బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చు మార్చడం లాంటివి తప్ప, వైరింగ్ పనులన్నీ లైసెన్స్ ఉన్న కాంట్రాక్టరే చేయించాలని, పర్మిట్ ఉన్న వైర్‌మన్లే చేయాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధనలు చెబుతున్నాయి. నిబంధన మంచిదే. ఆచరణలో ఏం జరుగుతోందో మీరు ఏ ఊరికి వెళ్లి అడిగినా చెబుతారు. తీగ లాగేది ఒకరు, కాగితం మీద సంతకం పెట్టేది ఆ ఇంటి గడప తొక్కని ఇంకొకరు. మాలో ఐటీఐ చేసినవాళ్లు కొందరే. మిగతా అందరం పదిహేనేళ్లకే ఒక పెద్దాయన వెనక సంచి మోస్తూ పని నేర్చుకున్నవాళ్లం. మాకు పరీక్ష వద్దనడం లేదు. పరీక్ష పెట్టమనే అడుగుతున్నాం. జిల్లా ఐటీఐలో ఏడాదికి రెండుసార్లు, తెలుగులో, చేతితో చేసి చూపించే పరీక్ష పెట్టించండి. పాసైనవాడికి పర్మిట్ ఇవ్వండి. ఫెయిలైనవాడిని పది రోజులు కూర్చోబెట్టి నేర్పండి. నైపుణ్య శిక్షణ పథకాల్లో, ముందే పని తెలిసినవాళ్లకు సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి ఇప్పటికే ఉంది. దాన్ని లైసెన్సింగ్ బోర్డు పర్మిట్‌తో కలపమని ఇంధన శాఖతో మీరు మాట్లాడాలి.

ఈ పరీక్ష ఎందుకు ముఖ్యమో ఒక్క విషయంతో చెబుతాను. చాలా ఇళ్లలో యజమానులు ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటది పడిపోయే స్విచ్చు) ఉంటే చాలు, మనిషికి ఏమీ కాదనుకుంటారు. మా కుర్రాళ్లలో కూడా కొందరు అలాగే అనుకుంటారు. ఎంసీబీ ఉన్నది తీగ కాలిపోకుండా చూడటానికి. 16 ఆంపియర్ల ఎంసీబీ, లోడు అంతకు మించితేనే పడిపోతుంది. మనిషి ప్రాణం పోవడానికి ఒక ఆంపియర్‌లో పదో వంతు కూడా అక్కర్లేదు. గీజరు లీకై, తడి చేత్తో కుళాయి పట్టుకున్న ఆడమనిషి గిలగిల కొట్టుకుంటున్నా ఆ ఎంసీబీ కదలదు. ఆమెను కాపాడేది ఆర్‌సీసీబీ. వెళ్లిన కరెంటుకూ తిరిగొచ్చిన కరెంటుకూ 30 మిల్లీ ఆంపియర్ల తేడా రాగానే రెప్పపాటులో లైను తెంపేస్తుంది. దానికి తోడు, లీకైన కరెంటు భూమిలోకి పోయేలా సరైన ఎర్తింగ్ ఉండాలి. గ్రానైట్‌కు లక్షలు పెట్టే ఇంటాయన కూడా ఎర్త్ పిట్ దగ్గరికి వచ్చేసరికి బేరమాడతాడు. రెండడుగుల రాడ్డు కొట్టి, పచ్చ తీగ చుట్టి వదిలేసిన ఇళ్లు నేను చాలా చూశాను. వద్దని చెబితే, ఇంకో ఎలక్ట్రీషియన్‌ని పిలుచుకుంటానంటారు. చేతిలో పర్మిట్ ఉంటే, ఇది లేకుండా సంతకం పెట్టనని గట్టిగా చెప్పగలం. ఇప్పుడు మా మాటకు ఆ బలం లేదు. దేశంలో ఏటా పది వేల మందికి పైగా కరెంటు షాక్‌తో చనిపోతున్నారు. అందులో ఎంతోమంది సొంత ఇంట్లో, సొంత పొలంలో పోతున్నవాళ్లే.

పొలం అంటే ఇంకోటి. రాత్రిపూట ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు పోతే, లైన్‌మన్ వేరే ఊళ్లో ఉంటే, రైతులు మా తలుపే కొడతారు. నాటు ఎండిపోతోందన్నా అంటే కాదనడం కష్టం. అలా ఎక్కి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ల కుటుంబాలు చుట్టుపక్కల ఊళ్లన్నిటా ఉన్నాయి. ఈసారి మీటింగులో గట్టిగా తీర్మానం చేశాం: డిపార్ట్‌మెంట్ మనిషి వచ్చి ఎల్‌సీ (లైను ఆపించే లైన్ క్లియర్) తీసుకోకుండా మా సభ్యులెవరూ స్తంభం గానీ ట్రాన్స్‌ఫార్మర్ గద్దె గానీ ఎక్కకూడదు. మా వైపు నుంచి చేయగలిగింది చేస్తున్నాం. రైతు బాధ తీరాలంటే ఖాళీగా ఉన్న లైన్‌మన్ పోస్టులు నింపాలి. అది కూడా మీ క్యాబినెట్‌లో చెప్పాల్సిందే.

కొత్త పనులు కూడా వస్తున్నాయి. ఇంటి మీద సోలార్ పెట్టుకునేవాళ్లకు కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్ల సోలార్‌కు 78 వేల రూపాయల దాకా సబ్సిడీ ఉంది కాబట్టి డాబాల మీద ప్యానెళ్లు పెరుగుతున్నాయి. పని తీసుకునేది రిజిస్టరైన కంపెనీ. ఎర్రటి ఎండలో డాబా ఎక్కి బిగించేది మాలాంటివాళ్లం. ప్యానెళ్లు వరుసగా కలిపితే వందల వోల్టుల డీసీ (ఒకే దిక్కున పారే కరెంటు) వస్తుంది. ఎండ ఉన్నంతసేపు దాన్ని ఆపే స్విచ్చు ప్యానెల్‌లో ఉండదు. కనెక్టర్ లాగితే వచ్చే మంట ఇళ్లకొచ్చే ఏసీ కరెంటులో లాగా దానంతటది ఆరిపోదు. ఈ సంగతి చెప్పకుండా కుర్రాళ్లను పైకి పంపుతున్నారు. గల్ఫ్ నుంచి వచ్చిన మా సభ్యులు ఇది చూసి ఆశ్చర్యపోతున్నారు. అక్కడ పెద్ద సైట్లలో హెల్మెట్, సేఫ్టీ షూ లేకుండా గేటు దాటనివ్వరు. లైను ఆపిన స్విచ్చుకు తాళం వేసి, తాళంచెవి పనిచేసేవాడి జేబులో పెట్టిస్తారు. ఇదే మనిషి సొంతూరికి వచ్చాక హవాయి చెప్పులతో నిచ్చెన ఎక్కుతున్నాడు. పని అదే, ప్రమాదమూ అదే.

2023 సెప్టెంబర్ 17న మొదలైన, చేతివృత్తులవాళ్ల కోసం కేంద్రం తెచ్చిన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. వడ్రంగి ఉన్నాడు, తాపీ మేస్త్రీ ఉన్నాడు, ఎలక్ట్రీషియన్ లేడు. వాళ్లకు రావాల్సిన దాంట్లో మాకు వాటా వద్దు. రాష్ట్రం తరఫున మాకు ఒక దారి చూపించండి చాలు. సామాజిక భద్రతా కోడ్‌లోనే, అసంఘటిత కార్మికుల కోసం రాష్ట్ర ప్రభుత్వాలు సొంతంగా పథకాలు పెట్టవచ్చని ఉంది. పనిలో దెబ్బ తగిలితే పరిహారం, పిల్లల చదువు, నైపుణ్య శిక్షణ అన్నీ అందులో చెప్పారు. చిన్న ఇళ్లలో పనిచేసే ఎలక్ట్రీషియన్లు, ప్లంబర్లు, పెయింటర్లు నిర్మాణ కార్మికుల నిర్వచనం నుంచి జారిపోతే, ఆ దారిలోనైనా ప్రమాద బీమా ఇవ్వవచ్చు. జారిపోకుండా చూస్తే ఇంకా మంచిది. రాష్ట్ర నియమాల్లో, యజమాని సంతకం దొరకనివాళ్లకు రిజిస్టరైన సంఘం ఇచ్చే పత్రమో, గ్రామ కార్యదర్శి ధ్రువీకరణో సరిపోతుందని స్పష్టంగా రాయించండి. కార్డు ఉన్న పాతవాళ్లకు రెన్యూవల్ ఆపవద్దని జిల్లా లేబర్ ఆఫీసులకు ఒక సర్క్యులర్ పంపండి. ఇది రేపే చేయగలిగిన పని.

మా సభ్యుల జాబితా, ఏ నెలలో ఏ వీధిలో ఏ ఇంటికి పని చేశామో రాసుకున్న డైరీలు, యజమానుల ఫోన్ నంబర్లతో సహా సిద్ధంగా ఉన్నాయి. మీ అధికారి ఎవరొచ్చినా మా దగ్గర కూర్చుని సరిచూసుకోవచ్చు. పరీక్ష ముందు మా మండలంలోనే పెట్టి చూస్తామన్నా మేం తయారు. బోర్డులు, తీగలు, కూర్చునే చోటు మేం ఏర్పాటు చేస్తాం. ఈ ఉత్తరం నకలు ఇంధన శాఖకు, గృహనిర్మాణ శాఖకు కూడా పంపుతున్నాం. జవాబు కోసం ఎదురుచూస్తుంటాం.

ఇట్లు,
కార్యదర్శి,
మండల ప్రైవేట్ ఎలక్ట్రీషియన్ల సంఘం,
జగిత్యాల జిల్లా