చిందు ఆట దగ్గరే బీపీ చూడండి: హనుమకొండ కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

ఉగాది దగ్గరపడుతోంది. మార్చి 27న ప్రపంచ రంగస్థల దినోత్సవం కూడా ఉంది. ఆ రోజు సన్మానాలు, శాలువాలు ఎలాగూ ఉంటాయి. నా మనవి వేరే.

2024 నవంబర్‌లో మొదలైన కాళోజీ కళాక్షేత్రం ఆడిటోరియం మా ఊరికి గర్వమే. కానీ వేషాలు కట్టి, పాడుతూ ఆడుతూ కథ చెప్పే మన చిందు యక్షగానం ఏసీ హాలులో పుట్టిన ఆట కాదు. కింద చాప, ఎదురుగా జనం, మధ్యలో ఒకరిద్దరు ముసలోళ్లు "ఇంకో పద్యం అందుకో" అని కేకేయాలి. అప్పుడే మద్దెల మోతకు ఊపొస్తుంది. పబ్లిక్ గార్డెన్‌లో నేరెళ్ల వేణుమాధవ్ కళాప్రాంగణం ఉంది కదా, వసంతమంతా శని, ఆదివారాలు సాయంత్రం చిందు, ఒగ్గు కథ బృందాలకు అద్దె లేకుండా ఇవ్వండి. పారితోషికం మాత్రం ఆట ముగిసిన రాత్రే చేతిలో పెట్టాలి.

అక్కడే ఒక బల్ల వేసి బీపీ, షుగర్ చూపించండి. కిందటేడు ఒక ఆరోగ్య శిబిరంలో మధ్యాహ్నం ఎండలో రెండు గంటలు నిలబడ్డాను. ఆ కోపానికి లేని బీపీ వచ్చుంటుంది! ఒగ్గు కథ వినడానికైతే మా అమ్మ పిలవకుండానే వస్తుంది. పరీక్ష కూడా చేయించుకుంటుంది.

ఇట్లు,
భద్రకాళి బండ్ మీద రోజూ నడిచే ఒక హనుమకొండ వాసి