ఆ సూది మా ఆవిడకు ఎందుకు వేయించలేదంటే

ఎడిటర్ గారికి,

పక్షవాతం వచ్చిన నాలుగున్నర గంటల్లోపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ చేయించాలని మీ పేపర్లో రాశారు. బాగుంది. కానీ మెదడులో రక్తనాళం చిట్లినవాళ్లకు అది వేయకూడదన్న ముక్క రాయలేదు. మా వీధివాళ్లు ఆ కటింగ్ పట్టుకొచ్చి, "అన్నా, వదినకి ఈ సూది ఎందుకు వేయించలేదు?" అని అడుగుతున్నారు.

నేను ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాను. పోయిన కార్తీకంలో మా ఆవిడ గ్రైండర్లోంచి దోసెపిండి తీస్తా తీస్తా, "తల పగిలిపోతా ఉండాది" అని మెడ పట్టుకుని కూలబడింది. వాంతి కూడా అయింది. దగ్గర్లోని నర్సింగ్‌హోమ్‌లో బీపీ చూసి, నొప్పికి సూది వేసి ఇంటికి పంపేశారు. తెల్లారి తిరుపతిలో తలకు సీటీ స్కాన్ తీస్తే ఫిల్ము మధ్యన తెల్లగా నక్షత్రం లాంటిది కనబడింది. అదంతా రక్తమేనట. నాళం ఒకచోట బుడగలా ఉబ్బి పగిలింది. మళ్లీ పగిలే ప్రమాదం మొదటి 24 గంటల్లోనే ఎక్కువని అప్పుడు చెప్పారు. ఆ రాత్రంతా నేను పక్కన గుర్రుపెట్టి నిద్రపోయాను.

పుర్రె తెరిచి బుడగ మెడకు క్లిప్పు పెట్టారు. గడ్డ కరిగించే మందు సంగతి నేనే డాక్టరును అడిగాను. చిట్లిన నాళం మూయకుండా ఆ మందు నరంలోకి ఎక్కిస్తే రక్తం ఇంకా కారుతుందన్నారు. క్లిప్పు గానీ, బుడగలో నింపే సన్న తీగచుట్ట (కాయిల్) గానీ పెట్టాక మాత్రం ఆ మందునే కొందరు సర్జన్లు మెదడు చుట్టూ పేరుకున్న గడ్డల దగ్గరికే ట్యూబుతో కొద్దికొద్దిగా వదులుతారట. గడ్డలు అక్కడే ఉండిపోతే నాలుగో రోజు నుంచి రెండు వారాల దాకా నాళాలు బిగుసుకుపోయి మెదడుకు రక్తం సరిగా అందకపోవచ్చు. ఆపరేషన్ బాగా జరిగినా కాలూచెయ్యీ పడిపోయేది అందుకే. అయినా ఇది అందరికీ చేసేది కాదు. మా ఆవిడకు చేయలేదు. ఆ బిగుసుకుపోవడం వల్ల జరిగే నష్టం తగ్గించే నిమోడిపిన్ మాత్రలే వాడాం. నాలుగు గంటలకోసారి రెండు, 21 రోజులు, మొత్తం 252. ఇంటికొచ్చాక రాత్రి రెండింటికి అలారం పెట్టుకుని లేచి, వేసిన ప్రతిసారీ క్యాలెండర్ వెనక గీత గీశాను. టికెట్లు లెక్కపెట్టిన చెయ్యి కదా!

ఈసారి రాసేటప్పుడు, గడ్డ కట్టిందా నాళం చిట్లిందా అన్నది సీటీ తీస్తేనే తెలుస్తుందని కూడా వేయండి. ఒక్కసారిగా, ఎప్పుడూ ఎరగనంత తలనొప్పి వస్తే సీటీ ఉన్న ఆసుపత్రికే వెళ్లమని రాయండి. ఇంట్లో ఏ మాత్రా మింగించొద్దనీ చెప్పండి. ఆ రాత్రి పక్కింటాయన, "గుండెకి మంచిది, రక్తం పలచబడతాది" అని ఎకోస్ప్రిన్ (ఆస్పిరిన్) మాత్రల షీటు తెచ్చిచ్చాడు. వాంతి భయానికి వేయలేదు. అది ఇంకా మా అలమరాలోనే ఉంది.

ఒక రిటైర్డ్ కండక్టర్,
గ్రీమ్స్‌పేట, చిత్తూరు