మతం వదిలినవాళ్ల ఆధార్ కార్డులు మా దగ్గరెందుకు?

సంపాదకుడు గారికి,

నమస్కారం. మా వాట్సాప్ గ్రూపులో 260 మందిమి ఉండేవాళ్లం. చర్చి మానేసినవాళ్లు, నమాజు మానేసినవాళ్లు, గుడి ముఖం చూడనివాళ్లు, ఓ ఆశ్రమంలో పదేళ్లు సేవ చేసి బయటపడ్డ దంపతులు. ఇంట్లో నోరు విప్పలేని మాటలు చెప్పుకోడానికి పెట్టుకున్న గ్రూపు. ముగ్గురు అడ్మిన్లలో నేనొకణ్ణి. కాబట్టి కింద రాస్తున్న తప్పుల్లో సగం నావే అనుకుని చదవండి.

గత ఏడాది ఒక రాత్రి, నర్సింగ్ చదివే అమ్మాయి ఒకరు గ్రూపులో రాశారు: "ఆదివారం ఆరాధనలో పెదవులు కదుపుతాను గానీ గొంతులోంచి పాట రాదు. పక్కన అమ్మ ఏడుస్తూ ప్రార్థన చేస్తుంటే సిగ్గేస్తుంది." పది పన్నెండుమంది ధైర్యం చెప్పారు. నాలుగో రోజుకి ఆ మెసేజ్ స్క్రీన్‌షాట్ వాళ్ల సంఘం గ్రూపులో తేలింది. తీసినవాళ్లకి కాస్త జాలి ఉన్నట్టుంది, పేరు మీదా నంబరు మీదా నల్లగీత గీశారు. పక్కనున్న డీపీని వదిలేశారు. వేలిగోరంత బొమ్మ. అందులో వాళ్లింటి వరండా, ఆకుపచ్చ రంగేసిన ఇనుప ఉయ్యాల. చిన్నప్పుడు సెలవులకొచ్చి ఆ ఉయ్యాల ఊగిన పిన్ని కొడుకు ఒక్క చూపులో పట్టేశాడు. కుదిరిన పెళ్లి ఆగిపోయింది, హాస్టల్ మాన్పించారు, ఫోన్ లాక్కున్నారు. ఆ నంబరు నుంచి తర్వాత మాకొచ్చిన మెసేజ్ ఒక్కటే, అది వాళ్ల నాన్నగారిది. అందులోని మాటలు మీ పత్రికలో అచ్చువేయదగ్గవి కావు.

ఇక గ్రూపులో దొంగ కోసం వేట మొదలైంది. ముగ్గురి మీద అనుమానం వచ్చింది. రెండు వారాల కిందటే చేరారు, పెద్దగా మాట్లాడరు, మా దగ్గరున్న సాక్ష్యం అంతే. తక్కువ మాట్లాడటమే నేరమైతే మా గ్రూపులో రెండొందలమంది నేరస్థులే. అయినా తీసేశాం. వాళ్లలో ఒకాయన మందుల కంపెనీలో నైట్ డ్యూటీ చేస్తారు. తెల్లారి బస్సెక్కి ఫోన్ చూసుకుంటే గ్రూపులో లేరు. ఎందుకని అడిగితే ఎవరమూ జవాబివ్వలేదు. నేనైతే ఆ మెసేజ్ తెరిస్తే నీలం టిక్కులు పడతాయని పై నుంచే చదివి ఊరుకున్నాను. ఆయనకి ఒళ్లు మండి మా ముగ్గురి పేర్లూ నంబర్లూ ఇంకో గ్రూపులో పెట్టేశారు. మేం చేసింది తప్పు, ఆయన చేసింది మరీ తప్పు. కానీ ఆ గొడవకి తలుపు తీసింది మేమే.

అసలు తెలివితక్కువ పని ఆ తర్వాత చేశాం. ఇకనుంచి అందరూ తామెవరో రుజువు చూపించాలని గూగుల్ ఫారం పెట్టాం. పేరు, ఊరు, ఫోన్ నంబరు, ఇదివరకటి మతం, ఆధార్ కార్డు ఫొటో. కులానికీ ఒక గడి పెట్టాం. ఎందుకు పెట్టామంటే ఇప్పటికీ జవాబు లేదు, అలవాటైపోయి ఉంటుంది. "లీకు చేసిందెవరో తెలియకుండా ఇవన్నీ మీకెలా ఇస్తాం? మీలో ఒకరు కారని గ్యారంటీ ఏంటి?" అని ఇద్దరు ఆడవాళ్లు అడిగారు. న్యాయమైన ప్రశ్న. వాళ్లనీ తీసేశాం.

140 మంది ఫారం నింపారు. ఆ షీటు నా ల్యాప్‌టాప్‌లో పది నెలలుంది, మా అబ్బాయి ఇంటర్ ఫిజిక్స్ నోట్సు పక్కన. పాస్‌వర్డ్ మా ఆవిడ పుట్టినరోజు, ఇంటిల్లిపాదికీ తెలుసు. మధ్యలో కీబోర్డు పాడైతే రిపేరు షాపులో రెండు రోజులు వదిలేసి వచ్చాను. ఒక రాత్రి నిద్రలో గుర్తొచ్చి లేచి కూర్చున్నాను. మా జిల్లాలోనూ పక్క జిల్లాల్లోనూ ఎవరెవరు ఏ మతం వదిలారో ఇంటి చిరునామాతో సహా రాసి, ముక్కూమొహం తెలియని కుర్రాడి చేతిలో పెట్టి వచ్చాను నేను.

ఇలాంటి జాబితా ఏం చేస్తుందో తెలియని కాలం కాదు. 2013లో బంగ్లాదేశ్‌లో 84 మంది బ్లాగర్ల పేర్లతో 'నాస్తికుల జాబితా' ఒకటి తయారైంది. అందులోని కొందరిని తర్వాతి ఏళ్లలో కత్తులతో నరికి చంపారు. అంత దూరం ఎందుకు, 2017 మార్చిలో కోయంబత్తూరులో ఫరూక్ అనే 31 ఏళ్ల నాస్తికుణ్ణి నరికేశారు. మతాన్ని విమర్శిస్తూ వాట్సాప్‌లో, ఫేస్‌బుక్‌లో పెట్టిన పోస్టులే కారణమని అప్పట్లో వార్తలొచ్చాయి. మన దగ్గర అంతవరకూ రాదని మా గ్రూపులో ఒకరు వాదించారు. రాకపోవచ్చు. పెళ్లి ఆగిపోయి చదువు పోయిన అమ్మాయికి ఆ మాట చెప్పి చూడండి.

మా పెద్దవాళ్లది ఇంకో వాదన. వాళ్లు హేతువాద సభల్లో తిరిగినవాళ్లు, నాకు గౌరవమే. నాస్తికోద్యమ నాయకుడు గోరా గారిని చూపించి "గోరా గారు పేరు దాచుకున్నారా? దాచుకునేవాడు నాస్తికుడేంటి?" అంటారు. దాచుకోలేదు, నిజమే. 1933లో కాకినాడలో, 1939లో మచిలీపట్నంలో రెండుసార్లు కాలేజీ ఉద్యోగం పోగొట్టుకున్నారు. అయితే ఆయన పక్కన భార్య సరస్వతి గారున్నారు. రమ్మని పిలిచిన కృష్ణా జిల్లా పల్లెటూరు ముదునూరు ఉంది, 1940లో అక్కడే నాస్తిక కేంద్రం మొదలైంది. నర్సింగ్ పిల్లకి ఏ ముదునూరు ఉంది? తండ్రి కట్టే ఫీజు మీద చదువుతూ, తండ్రి కొనిచ్చిన ఫోన్లోంచి మాట్లాడుతోంది. బయటపడే రోజు ఎవరికి వాళ్లు ఎంచుకోవాలి. ఆ రోజుని ఇంకొకరు స్క్రీన్‌షాట్ తీసి నిర్ణయించడం ఏ హేతువాదంలోనూ లేదు.

చట్టం చదివినవాణ్ణి కాను, అర్థమైనంత రాస్తున్నాను. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని తేల్చింది. ఆ తీర్పులోనే మత స్వేచ్ఛ గురించి ఒక మాట ఉంది. ఏ విశ్వాసం ఎంచుకోవాలన్నదే కాకుండా, ఆ ఎంపికను లోకానికి చెప్పాలా వద్దా అన్నదీ మనిషి ఇష్టమేనని. మాలాంటివాళ్లకి ఇంతకన్నా ఏం కావాలి? కానీ 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, ఒక మనిషి తన సొంత అవసరాలకో ఇంటి అవసరాలకో వాడుకునే సమాచారానికి వర్తించదు. మరి నా ల్యాప్‌టాప్‌లోని షీటు సొంత పనా, ఊరి పనా? నేను అడిగిన ఇద్దరు లాయర్లు రెండు రకాలుగా చెప్పారు. సభ్యుడు పెట్టిన పోస్టుకి అడ్మిన్ బాధ్యుడు కాడని బొంబాయి హైకోర్టు 2021లో, కేరళ హైకోర్టు 2022లో చెప్పాయి. మంచిదే, అడ్మిన్లందరం ఊపిరి పీల్చుకున్నాం. సభ్యులు నమ్మి చేతిలో పెట్టినదానికి అడ్మిన్ ఎంతవరకు బాధ్యుడన్నది ఎవరైనా చెబితే బాగుండు. ఇక ఆధార్ సంగతి. ఎక్కడపడితే అక్కడ జిరాక్సులు ఇవ్వొద్దని, చివరి నాలుగంకెలు మాత్రమే కనపడే మాస్క్‌డ్ ఆధార్ వాడమని 2022 మేలో ఒక ప్రకటన వచ్చి, రెండు రోజులకే వెనక్కి పోయింది. ఆ ప్రకటన పోయినా అందులోని బుద్ధి మాకు మిగలాల్సింది.

గ్రూపుల్లో ఇప్పుడు ఎక్కడ చూసినా 'అడ్మిన్లే కొత్త గురువులయ్యారు' అన్న ఎత్తిపొడుపు వినిపిస్తోంది. వినడానికి బాగుంటుంది. గురువుకి దక్షిణ వస్తుంది, అడ్మిన్‌కి అర్ధరాత్రి ఫోన్లు వస్తాయి. చచ్చిపోతానన్న పిల్లాడితో తెల్లవారుజాము మూడింటిదాకా మాట్లాడిన అడ్మిన్ మా గ్రూపులోనే ఉన్నారు. ఒకరిని వెంటనే తీసేయాల్సిన రోజులూ ఉంటాయి. లీకు జరుగుతున్నప్పుడు ఓటింగు పెట్టి కూర్చోలేం. ఒక మతంవాళ్లనే పట్టుకుని బూతులు తిట్టేవాడు వచ్చి భావప్రకటన స్వేచ్ఛ అంటే నాకు నవ్వొస్తుంది. వాడికి తన సొంత గోడ ఉంది, అక్కడ రాసుకోవచ్చు. తీసేసినదానికి కాదు నా బాధ. కారణం ఒక్క ముక్క చెప్పి, ఒక రోజు టైమిచ్చి, మిగతా అడ్మిన్లలో ఒకరు ఆయన మాట విని ఉంటే నైట్ డ్యూటీ ఆయన ఈరోజు మాతోనే ఉండేవారు.

కొత్తవాళ్లని చూసుకుని చేర్చుకోవడానికి ఆధార్ అక్కర్లేదు. ఉత్తర అమెరికాలోని మాజీ ముస్లింల సంస్థ ముందు మనిషితో మాట్లాడి, నమ్మకం కుదిరాకే లోపలికి రానిస్తుంది. మేమూ ఇరవై నిమిషాలు ఫోన్లో మాట్లాడితే సరిపోయేది, ఏదీ రాసి దాచకుండా. పైగా వాట్సాప్ గ్రూపులో చేరితే చాలు, ఫోన్ నంబరు 260 మందికీ కనిపిస్తుంది. బయటికి పోయినా 60 రోజులపాటు 'ఒకప్పటి సభ్యుల' జాబితాలో కనిపిస్తూనే ఉంటుంది. నంబరు దాచుకోగలిగే టెలిగ్రామ్‌కి మారదామంటే 'కొత్త యాప్ మాకు రాదు' అని పెద్దలు అడ్డుపడ్డారు. ఫేస్‌బుక్ గ్రూపులో పేరు లేకుండా రాయొచ్చని ఇంకొందరు చెప్పారు. అక్కడ రాసిందెవరో అడ్మిన్లకి కనిపిస్తుందన్న సంగతి చాలామందికి తెలియదు.

ఈ ఉత్తరం మీకే రాయడానికి ఒక కారణముంది. వారపత్రికల్లో 'పేరు, ఊరు వద్దు' అని ఆడవాళ్లు రాసే ప్రశ్నలు మా అమ్మ చదివి వినిపించేది. 'ఒక సోదరి, తెనాలి' అని ఉండేది. ఆ సోదరి ఎవరో పత్రిక ఆఫీసులో ఒకరికో ఇద్దరికో తెలుసు. అచ్చులో మాత్రం రాదు. నాకు తెలిసి ఆ మాట తప్పిన పత్రిక లేదు. ముప్పై ఏళ్ల కిందట ఒక గుమాస్తా చేయగలిగిన పని చేతిలో ఇన్ని మీటలున్న మేం చేయలేకపోయాం.

ఆ షీటు చెరిపేశాను. డ్రైవ్‌లో ట్రాష్ కూడా ఖాళీ చేసి, 140 మందికీ విడివిడిగా మెసేజ్ పెట్టి చెప్పాను. నైట్ డ్యూటీ ఆయనకి ఫోన్ చేసి క్షమించమన్నాను. ఆయన "సరేలెండి" అన్నారు, గ్రూపులోకి మాత్రం తిరిగి రానన్నారు. మిగతా అడ్మిన్ల దగ్గరున్న కాపీల సంగతి అడిగితే ఒకరు చెరిపేశానన్నారు. రెండో ఆయన ఇంతవరకూ జవాబివ్వలేదు.

నా పేరు, చిరునామా కవరు లోపల వేరే కాగితం మీద రాశాను. అచ్చులో వేయవద్దని మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు, గుంటూరు జిల్లా