నిటిసినోన్ వాడే పిల్లల ఇళ్లకు మా ఏడాది లెక్క

నమస్కారం. మీకు ముందుగా తెలియాల్సిన మాట ముందే చెబుతాను. మే నెల నుంచి మా క్యాప్సూల్స్ ధర 8 శాతం పెరుగుతోంది. మందు మాత్రం ఎవరికీ ఆగదు. ఈ రెండు నిర్ణయాల వెనక ఉన్న లెక్కను దాచకుండా మీ ముందు పెడుతున్నాను.

మార్చి 31తో ముగిసిన ఏడాదిలో మా అమ్మకాలు కోటి అయిదు లక్షల రూపాయలు, నష్టం 11 లక్షలు. హైదరాబాద్ శివార్లలో ఏడుగురం కలిసి నడుపుతున్న సంస్థ ఇది. సొంత ఫ్యాక్టరీ లేదు. లోన్ లైసెన్స్ మీద మరొకరి ఫ్యాక్టరీలో తయారుచేయించుకుంటాం. మా మందు ఒక్కటే: టైరోసినీమియా టైప్ 1 ఉన్న పిల్లల కోసం 2, 5, 10 మిల్లీగ్రాముల నిటిసినోన్ క్యాప్సూల్స్. ఈ మధ్యే మా జాబితాలో చేరిన ఇళ్లవారికి ఒక మాట. ఈ జబ్బున్న పిల్లల శరీరం తిండిలోని మాంసకృత్తుల్లో ఉండే టైరోసిన్‌ను చివరిదాకా విడగొట్టలేదు. మధ్యలో మిగిలిపోయే పదార్థాలు విషంగా మారి కాలేయాన్ని, మూత్రపిండాలను తినేస్తాయి. ఆ విషం పుట్టే మెట్టు రాకముందే నిటిసినోన్ దారి మూసేస్తుంది. పాలు, పప్పు, గుడ్డు కొలిచి పెట్టాల్సిన పథ్యం మాత్రం మందుతో పాటు సాగాల్సిందే.

మా దగ్గర మందు తీసుకునే పిల్లలు 34 మంది. సాధారణంగా కిలో బరువుకు రోజుకు ఒక మిల్లీగ్రాము మోతాదు. పది కిలోల పిల్లకు ఏడాది పొడవునా పట్టే అసలు మందు మూడున్నర గ్రాములు దాటి కొంచెం. 34 మందికీ కలిపి ఏడాదికి దాదాపు 175 గ్రాములు. పావు కిలో టీ పొడి పొట్లం ఇంతకంటే బరువుగా ఉంటుంది. మా కష్టమంతా ఆ చిన్న పొట్లంలోనే ఉంది. ముడిమందు తయారుచేసేవారు కిలోల లెక్కన తప్ప అమ్మరు. క్యాప్సూల్స్ నింపే యంత్రానికి మా ఏడాది సరుకు ఒక పూట పని. ఆ పూట పని కోసం యంత్రాన్ని విప్పి కడగాలి, అంతకుముందు నింపిన మందు ఆనవాలు కూడా మిగలలేదని పరీక్షలో తేల్చాలి, మా పని అయ్యాక మళ్లీ కడగాలి. మూడు మోతాదులు గనుక ఇదంతా మూడుసార్లు. నాణ్యత పరీక్షలకు, మందు ఎంతకాలం చెడకుండా ఉంటుందో చూడటానికి నెలల తరబడి స్టెబిలిటీ గదిలో ఉంచే నమూనాలకు అయ్యే ఖర్చు వెయ్యి క్యాప్సూల్స్ చేసినా లక్ష చేసినా దాదాపు ఒకటే. జ్వరం మాత్రలు చేసేవారు ఆ ఖర్చును కోట్ల మాత్రల మీద సర్దుకుంటారు. మేము 34 మంది పిల్లల మీద సర్దాలి.

దీనికి తోడు, మందుల తయారీ నాణ్యతకు ప్రభుత్వం పెట్టిన, ఈమధ్య సవరించిన షెడ్యూల్ ఎం ప్రమాణాలకు మారడానికి చిన్న, మధ్యతరహా ఫ్యాక్టరీలకు ఇచ్చిన గడువు 2025 డిసెంబరు 31తో ముగిసింది. మాకు తయారుచేసి ఇచ్చే ఫ్యాక్టరీ చాలా మార్పులు చేసుకుని, బ్యాచ్‌కు తీసుకునే రుసుము పెంచింది. దీని మీద నాకు ఫిర్యాదు లేదు. 2025లో మధ్యప్రదేశ్‌లో కల్తీ దగ్గు మందు తాగి పసిపిల్లలు చనిపోయిన వార్త చదివాక, పిల్లల మందు తయారీలో నిబంధన ఒకటి ఎక్కువైందని అనడానికి నాకు నోరు రాదు.

ఇక ఆగస్టులో జరిగిన సంగతి. మీలో కొందరికి ఇది ఇంకా మానని గాయమని నాకు తెలుసు. అంతకు ముందు ఏడాది గడువు తీరిన క్యాప్సూల్స్ చాలా పారేయాల్సి వచ్చింది. ఆ నష్టం మళ్లీ రాకూడదని నిల్వ తగ్గించాను. ఆ నిర్ణయం పూర్తిగా నాదే. ఆగస్టులో 5 మిల్లీగ్రాముల బ్యాచ్ కరిగే పరీక్షలో నిలవలేదు. దాన్ని బయటికి పంపే ప్రశ్నే లేదు, బదులు ఇవ్వడానికి నిల్వా లేదు. అయిదు ఇళ్లకు పన్నెండు రోజులు మందు పంపలేకపోయాం. నిటిసినోన్ మధ్యలో ఆగితే నరాలకు సంబంధించిన ప్రమాదకరమైన నొప్పులు, బలహీనత రావచ్చని డాక్టర్లు మనందరికీ చెప్పి ఉన్నారు. విజయవాడలో ఒక తల్లి తన బాబు క్యాప్సూల్స్‌లో సగం తీసి, డాక్టరును అడిగి, కరీంనగర్‌లో తనకు ముఖపరిచయం కూడా లేని పాపకు బస్సులో మనిషికి ఇచ్చి పంపింది. మిగిలిన నాలుగు ఇళ్లకూ అలాగే తోటి తల్లిదండ్రులే సాయపడ్డారు. ఏ పిల్లకూ హాని జరగలేదు. అందులో మా గొప్ప ఏమీ లేదు. ఆ అయిదు కుటుంబాలకూ ఫోనులో చెప్పిన క్షమాపణ ఇక్కడ అందరి ముందూ చెబుతున్నాను.

ఇకమీదట మూడు మోతాదుల్లోనూ నాలుగు నెలల నిల్వ విడిగా తాళం వేసి ఉంచుతాం. అందులో మూడో వంతు గడువు తీరి పోవచ్చని నా అంచనా. ఆ పోయే సరుకు ఖర్చే ఈ ధర పెంపులో ఎక్కువ భాగం. ధరల నియంత్రణ జాబితాలో లేని మందులకు ఏడాదికి 10 శాతం వరకు పెంచుకోవచ్చని చట్టం చెబుతోంది. మేము 8 దగ్గర ఆగాము. 10 మిల్లీగ్రాముల క్యాప్సూల్ 600 నుంచి 648 రూపాయలు అవుతుంది. పది కిలోల పిల్ల ఉన్న ఇంటికి ఏడాదికి 17,520 రూపాయలు అదనం. ఇది చిన్న మొత్తం అని నేను అనను. ఎవరి సాయమూ లేకుండా సొంత డబ్బుతో కొంటున్న తొమ్మిది కుటుంబాలకు వచ్చే మార్చి వరకు పాత ధరే ఉంటుంది. దీనికోసం ఏ కాగితమూ పంపనక్కర్లేదు, మీరెవరో మాకు తెలుసు.

మిగిలిన 25 మందికి మందు ఆసుపత్రుల ద్వారా వెళుతుంది. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద ఒక్కో రోగికి 50 లక్షల రూపాయల వరకు సాయం ఉంది. ఈ మందును దిగుమతి చేసుకున్న రోజుల్లో ఒక పిల్లకు ఏడాది ఖర్చు 2.2 కోట్లు అని, దేశీయ తయారీతో అది రెండున్నర లక్షలకు దిగిందని 2023 నవంబరులో కేంద్ర ఆరోగ్య శాఖ ప్రకటించింది. అంటే అప్పట్లో ఆ 50 లక్షలు మూడు నెలలకు కూడా చాలేవి కావు. ఇప్పుడు ఏళ్ల తరబడి వస్తాయి. స్వీడన్‌లో మొదటి బిడ్డకు ఈ మందు ఇచ్చింది 1991లో. అసలు కలుపు మందు కోసం వెతుకుతుంటే బయటపడిన పదార్థం ఇది. మన పిల్లల అందుబాటులోకి రావడానికి ముప్పై ఏళ్లకు పైగా పట్టింది. ఆ ఆలస్యం గుర్తొచ్చిన ప్రతిసారీ ఈ పని వదలకూడదని అనిపిస్తుంది.

అయితే మంజూరైన సాయం మా చేతికి రావడం వేరే సంగతి. ఈ రోజుకు మాకు రావాల్సిన బకాయి 38 లక్షలు. అన్నిటికంటే పాత బిల్లుకు పద్నాలుగు నెలలు నిండాయి. చిన్న పరిశ్రమలకు 45 రోజుల్లో చెల్లించాలని, ఆలస్యమైతే వడ్డీతో ఇవ్వాలని 2006 చట్టం ఉంది. దాని కింద ఫిర్యాదు చేయమని మా ఆడిటరు ఏడాదిగా చెబుతున్నారు. నేను చేయలేదు. బిల్లు ఆగిన చోట కూర్చున్న గుమాస్తా, డాక్టరు మనకు శత్రువులు కారు. పై నుంచి నిధులు విడతలుగా వస్తాయి, వచ్చినప్పుడు పంచుతారు. ఈలోగా బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్ 40 లక్షల పరిమితికి దగ్గరపడింది. మా ఇంటి పత్రాలు ఆ బ్యాంకులోనే ఉన్నాయి. అక్టోబరు నుంచి నేను జీతం తీసుకోవడం లేదు. మిగిలిన ఆరుగురికీ ఒకటో తారీఖునే అందింది. సెప్టెంబరు లోపు బకాయిలో సగమైనా రాకపోతే ఫిర్యాదు చేస్తాను. అప్పుడు కూడా ఆ ఆసుపత్రుల పిల్లలకు మందు ఆపను.

యూరియా సైకిల్ లోపాలున్న, అంటే ఒంట్లో పుట్టే అమ్మోనియాను శరీరం వదిలించుకోలేని, పిల్లల తల్లిదండ్రులకు చెప్పాల్సిన మాట కష్టమైనది. వారు వాడే మందు సోడియం ఫినైల్‌బ్యూటిరేట్ చేదు తెలియకుండా పూత వేసిన గుళికలు చేస్తామని రెండేళ్ల కిందట మీకు మాట ఇచ్చాం. పది కిలోల బిడ్డ రోజుకు అయిదారు గ్రాములు మింగాల్సిన మందు అది. ఉమ్మేసిన బిడ్డ నోట్లో మళ్లీ పోసే ఆ అమ్మలను నేను దగ్గరుండి చూశాను. అయినా ఆ పని ఇప్పటికి ఆపేస్తున్నాం. పూత బాగానే కుదిరింది, ముందుకు తీసుకెళ్లడానికి డబ్బు లేదు. మరో కంపెనీ ఎవరైనా చేపడతామంటే మా ప్రయోగాల కాగితాలన్నీ ఉచితంగా ఇస్తాను.

మా లెక్క కుదుటపడాలంటే పిల్లల సంఖ్య పెరగాలి. ఆ మాట రాయడానికి చేయి వణుకుతుంది గానీ దాని అర్థం జబ్బు పెరగాలని కాదు. ప్రపంచంలో సుమారు లక్ష జననాల్లో ఒక బిడ్డకు ఇది వస్తుందని అంచనా. మన దేశంలో ఏటా రెండు కోట్లకు పైగా పిల్లలు పుడతారు. ఈ మందు తయారుచేసేవారు మేమొక్కరమే కాకపోయినా, మా జాబితాలో ఉన్నది 34 పేర్లే. మిగిలిన పిల్లల్లో చాలామంది కామెర్లనో, కాలేయం చెడిందనో, పేరు తెలియని జబ్బుతోనో వెళ్లిపోతున్నారు. పుట్టిన కొద్ది రోజులకే మడమ దగ్గర తీసే నాలుగు రక్తపు చుక్కలతో దీన్ని పట్టుకోవచ్చు. మీ ఊళ్లో పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఈ జబ్బును పట్టించే సక్సినైల్ అసిటోన్ పరీక్ష గురించి ఒక్కసారి చెప్పండి. మీ ఇంటి అనుభవం చెబితే వారు మరచిపోరు.

తర్వాతి బ్యాచ్ జూన్ రెండో వారంలో. పాప బరువు కిలో పెరిగిందని ఫోను చేసే ప్రతి తల్లి గొంతులో సంతోషం వెంటే మోతాదు పెరుగుతుందన్న దిగులు నాకు వినిపిస్తుంది. దయచేసి ఆ దిగులుతో బరువు చెప్పడం వాయిదా వేయకండి. మే 20 లోపు పిల్లల తాజా బరువు, డాక్టరు రాసిన మోతాదు, ఇంట్లో మిగిలిన క్యాప్సూల్స్ సంఖ్య మూడూ కలిపి పంపండి. ఎండలు తగ్గేవరకు పార్సెల్ ఐస్ పెట్టెలోనే వస్తుంది. అందిన వెంటనే తెరిచి ఫ్రిజ్‌లో పెట్టండి. ఐస్ పూర్తిగా కరిగిపోయి ఉంటే ఆ క్యాప్సూల్స్ వేయకుండా ఫోను చేయండి, అదే రోజు వేరేవి పంపుతాం.