మైక్రోబిట్ క్లాసుల జమా ఖర్చులు

చందాలిచ్చిన అందరికీ నమస్కారం. మన హైస్కూల్లో ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు పది ఆదివారాలు నడిపిన ప్రోగ్రామింగ్, మెషీన్ లెర్నింగ్ (ఉదాహరణలు చూపి కంప్యూటర్‌కు నేర్పడం) క్లాసుల లెక్క అప్పజెబుతున్నాం.

జమ: పాత నిల్వ రూ.4,180, 1998 పదో తరగతి బ్యాచ్ చందా రూ.31,500, ఊళ్లో వసూలైంది రూ.9,640, బ్యాంకు వడ్డీ రూ.212. మొత్తం రూ.45,532. అమెరికా పౌరసత్వం తీసుకున్న ఇద్దరు మిత్రులు డబ్బు పంపుతామంటే వద్దన్నాం. విదేశీ పౌరుల చందా తీసుకోవాలంటే ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ ఉండాలి, మన కమిటీకి అది లేదు. వాళ్లు కాస్త నొచ్చుకున్నారు, మన్నించాలి.

ఖర్చులో పెద్దపద్దు మైక్రోబిట్ బోర్డులే, అంటే అరచేతిలో పట్టే బుల్లి కంప్యూటర్లు. మైక్రోబిట్ వీ2 పన్నెండు, ఒక్కోటి 1,980 చొప్పున రూ.23,760. 2016లో బీబీసీ వాళ్లు బ్రిటన్ స్కూలు పిల్లలకు ఉచితంగా పంచిన చిన్న బోర్డుకు ఇది తర్వాతి రకం. ఆరు గ్రూపుల పిల్లలకు పన్నెండెందుకని రచ్చబండ దగ్గర చాలామంది అడిగారు. మన స్కూలు కంప్యూటర్లలో బ్లూటూత్ లేదు. అందుకని ఒక బోర్డు పిల్లవాడి చేతికి కట్టి, రెండోది కంప్యూటర్‌కు తగిలించాలి. చేయి ఎలా కదిలిందో మొదటిది రేడియో తరంగాలతో పంపితే రెండోది అందుకుని కంప్యూటర్‌కు ఇస్తుంది.

పిల్లలు కంప్యూటర్‌కు మూడు పనులు గుర్తుపట్టడం నేర్పారు: విసనకర్ర ఊపడం, తాడాట, ఊరికే నిలబడటం. ఒక్కో పనిని కొన్నిసార్లు చేసి చూపి, ఆ కదలికలతో క్రియేట్ ఏఐ అనే వెబ్‌సైట్‌లో, ఏది ఏ పనో చెప్పే మోడల్ తయారుచేశారు. ఎడమచేతి వాటం పిల్ల ఒకమ్మాయి విసనకర్ర ఊపితే అది ‘తాడాట’ అంది. అందరూ నవ్వారు. ఆ పిల్ల మాత్రం, "నావి ఒక్కటీ ఎక్కించలేదు కదా, దానికెలా తెలుస్తుంది?" అంది. ఆమెవి కూడా ఎక్కించాక సరిగ్గా చెప్పింది. మా దృష్టిలో బోర్డుల డబ్బు ఆ పూటే గిట్టింది.

మిగతా ఖర్చులు: మూడు పాత కంప్యూటర్ల రిపేరు రూ.6,450. నేర్పడానికొచ్చిన ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థుల బస్సు చార్జీలు, భోజనం రూ.4,200. ఇంటర్నెట్ రూ.1,797. పొడవాటి కేబుళ్లు రూ.720. జిరాక్సులు రూ.340. చేతిపట్టీల ఎలాస్టిక్ రూ.310, కుట్టుకూలి మన టైలర్ గారు తీసుకోలేదు. బజ్జీలు, మరమరాలు రూ.2,115. ఇది ఎక్కువే, ఒప్పుకుంటాం. కానీ ఆదివారం పూట ఖాళీ కడుపుతో పిల్లల్ని కూర్చోబెట్టలేం.

రెండు పద్దులు మా పొరపాటు. అమ్మినతను రెండు బోర్డులు పాతరకానివి పంపాడు, వాటితో ఈ పని జరగదు. పెట్టె విప్పి చూసుకోకుండానే సంతకం పెట్టాం. మార్చి ఇచ్చాడు గానీ, తిప్పి పంపిన కొరియర్ రూ.285 మనమీదే పడింది. సన్న బ్యాటరీలు నలభై ఎనిమిది, రూ.1,056. ఇందులో సగం దండగ. క్లాసు అయ్యాక తీగ పీకకుండా బీరువాలో పెట్టేశాం, వారం తిరిగేసరికి అన్నీ చచ్చాయి. రెండోసారీ అంతే. ఇప్పుడు బ్యాటరీలు విడిగా డబ్బాలో పెడుతున్నాం, ఆ డబ్బా తాళం పిల్లల దగ్గరే ఉంది.

మొత్తం ఖర్చు రూ.41,033. నిల్వ రూ.4,499: బ్యాంకులో 3,950, చేతిలో 549. ఒక బోర్డుకు కేబుల్ పెట్టే చోటు ఊడింది, నిల్వలోంచి ఇంకొకటి కొంటాం. బిల్లులన్నీ హెడ్మాస్టర్ గారి గదిలో ఫైల్లో ఉన్నాయి, సాయంత్రం నాలుగున్నర తర్వాత ఎవరైనా చూడొచ్చు.

కమిటీ