ప్రజావేగుల చట్టం ఏ తేదీ నుంచి అమలు?

సంపాదకుడు గారికి నమస్కారం. ప్రజావేగులంటే, తాము పనిచేసేచోట జరిగే అవినీతిని, తప్పును ధైర్యంగా బయటపెట్టేవారు. వారిని కాపాడేందుకు చేసిన చట్టం ఇప్పటికీ అమల్లోకి రాలేదు, దాని గురించే ఈ ఉత్తరం.

మే నెల వస్తే నాకు డాక్టర్ సుధాకర్ గారు గుర్తొస్తారు. మా నర్సీపట్నం ఏరియా ఆసుపత్రిలో మత్తు డాక్టరు ఆయన. 2020 ఏప్రిల్‌లో కరోనా ముంచుకొస్తున్నా ఎన్‌95 మాస్కులు, పీపీఈ కిట్లు ఇవ్వడం లేదని అందరి ముందే గట్టిగా అడిగారు. ఆ వీడియో బయటికొచ్చిన కొద్ది రోజులకే సస్పెండ్ చేశారు. మే 16న విశాఖపట్నంలో నడిరోడ్డు మీద, ఒంటి మీద చొక్కా లేకుండా, చేతులు వెనక్కి విరిచి తాడుతో కట్టి తీసుకెళ్లారు. తాగి గొడవ చేశారని పోలీసులు అన్నారు. అదే నిజమనుకుందాం. తాగి గొడవ చేసినవాడి మీద కేసు పెడతారు గానీ, మానసిక ఆసుపత్రిలో రోజుల తరబడి ఉంచుతారా? ఒక లేఖనే పిటిషన్‌గా తీసుకున్న హైకోర్టు సీబీఐ విచారణకు ఆదేశించింది. ఆయన బయటికి రాగలిగింది జూన్‌లో. మరుసటి ఏడాది మేలోనే గుండెపోటుతో పోయారు. రోగులకు నొప్పి తెలియకుండా మత్తిచ్చే చేతుల్ని తాడుతో కట్టిన ఆ దృశ్యం నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వదు.

ఎందుకంటే నేనూ ప్రభుత్వ ఆసుపత్రిలోనే ఫార్మసిస్టుగా చేసి రిటైరయ్యాను. ఊరి పేరు రాయను. సర్వీసులో ఉండగా, స్టోర్‌కి రాని మందులు వచ్చినట్టు స్టాక్ రిజిస్టర్‌లో రాయించడం చూసి, పేరు బయటపెట్టవద్దని వేడుకుంటూ పై అధికారికి ఉత్తరం రాశాను. నాలుగో రోజు నన్ను గదిలోకి పిలిచారు. నేను ఎవరి మీద రాశానో ఆయన టేబుల్ మీదే, పేపర్ వెయిట్ కింద, నా ఉత్తరం జిరాక్స్ ఉంది. నా సంతకం దగ్గర ఎర్ర సిరాతో గీత గీసి ఉంది. ఆయన ఒక్క మాట కూడా అనలేదు, కూర్చోమనీ అనలేదు. ఆ తర్వాత ఉద్యోగం ఉన్నన్నాళ్లూ నేను మళ్లీ కాగితం మీద పెన్ను పెట్టలేదు. ఆ సిగ్గు నాకు ఇంకా ఉంది.

ఉత్తరం ఇలా చేతులు మారితే ఏమవుతుందో దేశమంతా ఒకసారి చూసింది. నాలుగు మహానగరాలను కలిపే స్వర్ణ చతుర్భుజి రోడ్డు పనుల్లో అవినీతి గురించి ఇంజినీరు సత్యేంద్ర దూబే, తన పేరు రహస్యంగా ఉంచమని కోరుతూ ప్రధాని కార్యాలయానికి రాశారు. ఆ ఉత్తరం ఆఫీసులన్నీ తిరిగింది. 2003 నవంబరు 27న గయలో ఆయన్ను కాల్చి చంపారు. ఆ తర్వాత సుప్రీంకోర్టు అడిగితేనే 2004లో కేంద్రం ఒక తీర్మానం తెచ్చింది. దాని ప్రకారం కేంద్ర విజిలెన్స్ కమిషన్‌కు రహస్యంగా ఫిర్యాదు చేయవచ్చు. అయితే అది కేంద్ర ప్రభుత్వ శాఖలకు, సంస్థలకు మాత్రమే. మా నర్సీపట్నం డాక్టరుకు, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులెవరికీ అది వర్తించదు.

పార్లమెంటు 2014లో ప్రజావేగుల రక్షణ చట్టం చేసింది. రాష్ట్రపతి ఆమోదం కూడా ఆ ఏడాది మేలోనే వచ్చింది. ఫిర్యాదుదారు పేరు బయటపెడితే మూడేళ్ల దాకా జైలు అని అందులో ఉంది. ఫిర్యాదు చేసినవారిని వేధించారని అంటే, అది వేధింపు కాదని నిరూపించుకోవాల్సింది అధికారులే. నా ఉద్యోగకాలంలో ఈ ఒక్క వాక్యం అమల్లో ఉండి ఉంటే! పదకొండేళ్లు దాటినా ఆ చట్టాన్ని అమలులోకి తెస్తూ నోటిఫికేషన్ ఇవ్వలేదు. 2015లో దాన్ని నీరుగార్చే సవరణ బిల్లు మాత్రం లోక్‌సభలో గబగబా పాసైంది. రాజ్యసభలో ఆగి మురిగిపోయింది కాబట్టి సరిపోయింది.

నోరు మూయించడానికి నేరం రుజువు కావాల్సిన పని లేదు. విధులకు ఆటంకం అనో, బెదిరింపు అనో ఒక సెక్షన్, శుక్రవారం సాయంత్రం అరెస్టు, సోమవారం దాకా కోర్టు సెలవు, అంతే. ఏడేళ్ల లోపు శిక్ష పడే కేసుల్లో అవసరం లేకుండా అరెస్టు చేయవద్దని 2014లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అయినా 2025 మార్చిలో హైదరాబాద్‌లో ఇద్దరు మహిళా జర్నలిస్టులను తెల్లవారకముందే తీసుకెళ్లారు. ఒక రైతు ముఖ్యమంత్రిని తిట్టిన వీడియో పెట్టారన్నది కేసు. బెయిల్ వచ్చేదాకా జైల్లోనే ఉన్నారు. ప్రభుత్వాలు మారాయి, పార్టీలు వేరు, పద్ధతి మాత్రం అదే. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. తగిన కారణం లేకుండా ఒకరిని అరెస్టు చేయించారని తేలితే మేజిస్ట్రేటు ఇప్పించగల పరిహారం గరిష్ఠంగా వెయ్యి రూపాయలు. పాత నేర విచారణ స్మృతి స్థానంలో వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహితలో కూడా ఆ వెయ్యిని వెయ్యిగానే ఉంచారు. జైలు దగ్గర ములాఖత్‌కు నాలుగుసార్లు తిరిగితే ఆటోలకే చాలదు.

2014 చట్టంలోనూ లోపం ఉంది. రాష్ట్ర మంత్రి మీద ఫిర్యాదు ముఖ్యమంత్రికే ఇవ్వాలట. అది మార్చాలి, స్వతంత్రంగా ఉండే లోకాయుక్త లాంటి వారికి అప్పగించాలి. కానీ ముందు ఉన్నదాన్ని అమల్లో పెట్టమనండి. మన రెండు రాష్ట్రాల ఎంపీల్లో ఒక్కరైనా వచ్చే సమావేశాల్లో లేచి, ఏ తేదీ నుంచి అమలు చేస్తారని అడగాలి. వాళ్లు అడిగేదాకా మీ పత్రిక కూడా అదే ప్రశ్న వేస్తూ ఉండాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ప్రభుత్వ ఫార్మసిస్టు,
అనకాపల్లి జిల్లా