షెల్టర్ వద్దని సంతకం పెట్టేముందు

అందరికీ నమస్తే. మన వార్డుల నైట్ షెల్టర్, అంటే ఇల్లు లేనోళ్లు రాత్రి పండుకునే జాగ, వద్దని సంతకాలు తీసుకుంటున్నరు, నేనైతే పెట్టను. పట్టణాలల్ల లక్ష జనాభాకు ఒకటుండాలె, ఏడాదంతా తెరిచుండాలెనని సుప్రీంకోర్టు 2010లనే చెప్పింది. ఊరవతల కట్టుకోమంటే, అంత దూరం ఎవరు పోతరు? పొద్దుగాలనే కూలి పనికి అడ్డా మీద నిలబడాల్సినోళ్లు వాళ్లు! వాళ్లల్ల శానామందికి ఇక్కడ ఓటు లేదు, అందుకే లీడర్లు మన మాటకే తలూపుతరు. మొన్న రాత్రి బస్టాండ్ల ఒక ముసలామె చెప్పులు తలకింద పెట్టుకొని, సంచి చేతికి కట్టుకొని పండుకున్నది. పాలమూరోళ్లం మనం. బొంబాయి, పూనాకు వలసపోయి రోడ్ల పక్కన పండుకున్నోళ్లు మన ఇండ్లల్ల లేరా? ఐతారం మీటింగుకు రాండ్రి. వద్దనుడు కాదు, గేటు కాడ లైటు, రాత్రి వాచ్‌మెన్, ఆడోళ్లకు వేరే రూము కావాలని అడుగుదాం.